పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల స్నార్కెలింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

అండమాన్ టికెట్లు బుక్ చేసుకున్న మనవాళ్ల ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఈత రాదు, కళ్లద్దాలున్నాయి, అమ్మానాన్నలు వెంట వస్తున్నారు, పిల్లాడికి ఏడేళ్లు, చేపలు ఎక్కడ బాగా కనిపిస్తాయి? వాటికి జవాబులన్నీ ఒకచోట ఉంటే మంచిదని ఈ పేజీ. ఇందులో పోర్ట్ బ్లెయిర్ నుంచి ఒక్కరోజులో వెళ్లొచ్చే చోట్లు, హేవ్‌లాక్, నీల్ దీవులు ఉన్నాయి. ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ దాకా పోయేవాళ్ల ప్రయాణం వేరే కథ కాబట్టి దాన్ని వదిలేశాం.

మా టికెట్ మీద శ్రీ విజయపురం అని ఉంది. అది పోర్ట్ బ్లెయిరేనా?

అదే. 2024 సెప్టెంబర్‌లో పేరు మార్చారు. అంతకు ముందు 2018 డిసెంబర్‌లో హేవ్‌లాక్‌కి స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌కి షహీద్ ద్వీప్ అని, రాస్ ఐలాండ్‌కి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని పెట్టారు. కాగితాల మీద కొత్త పేర్లుంటాయి, ఆటోవాళ్ల నోట పాతవే వినిపిస్తాయి. ఇక్కడ కూడా పాతవే వాడుతున్నాం.

స్నార్కెలింగ్, స్కూబా, సీ వాక్: ఏది ఏమిటి?

స్నార్కెలింగ్‌లో నీళ్ల మీద బోర్లా తేలుతూ, మొహానికి మాస్క్ పెట్టుకుని, నోట్లో ఉన్న గొట్టంతో పైగాలి పీలుస్తూ కిందికి చూస్తాం. లోపలికి దిగక్కర్లేదు. స్కూబాలో వీపున సిలిండర్ కట్టుకుని ఇన్‌స్ట్రక్టర్‌తో పాటు లోతుకి వెళ్తాం. సీ వాక్‌లో బరువైన హెల్మెట్ పెట్టి మెట్ల మీదుగా సముద్రం అడుక్కి దింపుతారు. పైనుంచి పైపుతో గాలి వస్తుంది, ఒకే చోట నాలుగడుగులు వేసి పైకి వచ్చేస్తాం.

డబ్బుకి తగిన ఆనందం లెక్కేస్తే మా ఓటు స్నార్కెలింగ్‌కే. అండమాన్‌లో మంచి పగడాలు చాలాచోట్ల నిలువెత్తు లోతులోనే ఉన్నాయి, ఎండ నేరుగా పడుతుంది కాబట్టి రంగులు పైనుంచే బాగా కనిపిస్తాయి. లోతుకి పోయేకొద్దీ ముందు ఎరుపు మాయమవుతుంది, ఆ తర్వాత అంతా నీలమే.

పోర్ట్ బ్లెయిర్‌లో ఒక్క రోజే ఉంటాం. ఎక్కడికి వెళ్లాలి?

నవంబర్ నుంచి మే మధ్యలో వస్తున్నారా? అయితే జాలీ బాయ్. ఇంకో మాట లేదు. ట్రావెల్ ఏజెంట్ మాత్రం నార్త్ బే అంటాడు. ఆయనకి అది తేలిక: ఊళ్లోని జెట్టీ నుంచే బోటు, పర్మిట్ గొడవ ఉండదు, రాస్ ఐలాండ్‌తో కలిపి ఒకే ప్యాకేజీ. కానీ చూడ్డానికి వెళ్లేది చేపల్నీ పగడాల్నీ అయితే ఈ రెండు చోట్లకీ పోలికే లేదు.

జాలీ బాయ్‌లో అంత గొప్ప ఏముంది? ఎలా వెళ్లాలి?

జాలీ బాయ్ మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ఉన్న చిన్న దీవి. 15 దీవులతో, సుమారు 281 చదరపు కిలోమీటర్ల ఈ పార్కు 1983లో ఏర్పడింది. దీవిలో హోటల్ లేదు, కొట్టు లేదు, జెట్టీ కూడా లేదు, రాత్రి బస ఉండదు. రోజుకి ఇంతమందినే పంపుతారు. టూరిస్టుల్ని చిరాకు పెట్టే ఈ నిబంధనల వల్లే అక్కడ పగడాలు ఇంకా మిగిలున్నాయి.

బయల్దేరేది వండూర్ నుంచి. పోర్ట్ బ్లెయిర్ నుంచి దాదాపు 30 కిలోమీటర్లు, బస్సులున్నాయి, ట్యాక్సీ అయితే గంట. అటవీ శాఖ పర్మిట్ ముందే తీసుకోవాలి. సీజన్‌లో ఆ రోజు పొద్దున వెళ్లి అడిగితే దొరకడం కష్టం. సోమవారం సెలవు. బోట్లు ఉదయమే బయల్దేరతాయి, మడ అడవుల మధ్యగా గంట లోపు ప్రయాణం.

ఎక్కే ముందు గేటు దగ్గర బ్యాగులు విప్పి చూస్తారు. చిప్స్ ప్యాకెట్, వాటర్ బాటిల్, క్యారీ బ్యాగ్, ఏ ప్లాస్టిక్కూ ఒప్పుకోరు. నీళ్ల డబ్బాకి డిపాజిట్ కట్టించుకుని తిరిగొచ్చాక ఇస్తారు. కాబట్టి పులిహోరో చపాతీలో స్టీలు డబ్బాలో సర్దుకోండి, బిస్కెట్లు కూడా అందులోనే పోసుకోండి. దీవిలో కొనుక్కోవడానికి ఏమీ దొరకదు.

దీవి దగ్గర పెద్ద బోటు ఆగి, అద్దాల అడుగున్న చిన్న బోట్లలోకి దింపుతుంది. ఈత రానివాళ్లు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఆ అద్దంలోంచే చాలా చూడొచ్చు. మిగతావాళ్లు గైడ్‌ని మాట్లాడుకుని నీళ్లలో దిగండి. తీరం నుంచి కొద్ది దూరంలోనే అడుగు ఒక్కసారిగా జారిపోతుంది. ఆ అంచు వెంబడే అసలు చేపలు.

జూలైలో వస్తున్నాం. జాలీ బాయ్ మూసేశారంటున్నారు?

నిజమే. వానాకాలంలో జాలీ బాయ్‌కి విశ్రాంతి ఇచ్చి, అదే పార్కులోని రెడ్ స్కిన్ దీవిని తెరుస్తారు. బోటు వండూర్ నుంచే, నియమాలూ అవే. పగడాలు కాస్త తక్కువ, నీళ్లు కాస్త మసక. అయినా ఆ నెలల్లో పోర్ట్ బ్లెయిర్ దగ్గర అంతకంటే మంచి చోటు దొరకదు.

నార్త్ బే అసలు దండగేనా?

దండగ అనలేం. పాత ఎర్ర 20 రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్ల మధ్య కనిపించే కొండా లైట్‌హౌస్ దృశ్యం అటువైపుదే, ఆ మోజుతో వెళ్లేవాళ్లు చాలామంది. ఊళ్లో రాజీవ్ గాంధీ వాటర్ స్పోర్ట్స్ కాంప్లెక్స్ దగ్గర బోటు ఎక్కితే కాసేపట్లో దిగుతారు. సీ వాక్, స్కూబా, స్నార్కెలింగ్, అద్దాల బోటు అన్నీ ఒకే ఒడ్డున ఉంటాయి. రోజంతా ప్రయాణం చేయలేని కుటుంబాలకి ఇది సుఖం.

ఇబ్బందల్లా జనం. ఒడ్డుకి దగ్గరి పగడాలు చాలామటుకు కాళ్ల కింద నలిగిపోయాయి. దిగీ దిగగానే ఏజెంట్లు చుట్టుముడతారు. వెళ్తే మొదటి బోటుకే వెళ్లండి. ఎంతసేపు, ఎంత లోతు, గైడ్ ఒక్కరికి ఒక్కడేనా నలుగురికి ఒక్కడా అన్నది డబ్బులిచ్చే ముందే తేల్చుకోండి. పది నిమిషాలు తిప్పి ఫొటోలు తీసి పంపేసే బేరం ఇక్కడ మామూలు.

హేవ్‌లాక్‌లో ఎక్కడ బాగుంటుంది?

ఎలిఫెంట్ బీచ్. రోడ్డు లేదు. హేవ్‌లాక్ జెట్టీ నుంచి స్పీడ్ బోటులో సుమారు అరగంట, లేదా అడవిలోంచి కాలిబాట. నడక పొడి రోజుల్లో సులువే. వాన పడితే మోకాలి దాకా బురద, అప్పుడప్పుడూ బాట మూసేస్తారు కూడా. ఒడ్డున తెల్లగా ఎండి పడి ఉన్న మహావృక్షాలు 2004 సునామీ గుర్తులు. ఒకప్పుడు ఇక్కడ దుంగలు లాగడానికి ఏనుగుల్ని వాడేవారు, పేరు అలా వచ్చిందే.

పగడాలు ఒడ్డు నుంచే మొదలవుతాయి, లోతు తక్కువ, అల తక్కువ. మొదటిసారి చేసేవాళ్లకి ఇంతకంటే నెమ్మదైన చోటు లేదు. పదకొండు దాటితే మాత్రం జెట్ స్కీల మోత, పొగ, నీళ్లలో ఒకరి ఫిన్లు (కాళ్లకి తొడిగే రబ్బరు తెడ్లు) ఇంకొకరి మొహానికి. బోటు ఎనిమిదిన్నర లోపు కదిలేలా మాట్లాడుకోండి. ప్యాకేజీలో "ఉచిత స్నార్కెలింగ్" అని ఉంటే అది ఒడ్డు పక్కన కొద్ది నిమిషాల చుట్టు మాత్రమే. కాస్త ఎక్కువ ఇచ్చి లోపలి రీఫ్ (పగడాల దిబ్బ) దాకా తీసుకెళ్లమంటే చూసే సముద్రమే మారిపోతుంది.

రాధానగర్ బీచ్‌లో?

అక్కడ చూడాల్సింది ఇసుక, సూర్యాస్తమయం. ఆసియాలోనే మేటి బీచ్ అని 2004లో టైమ్ పత్రిక రాసింది. కానీ అడుగంతా ఇసుకే, అలలు బలంగా ఉంటాయి, స్నార్కెలింగ్‌కి పనికిరాదు. పక్కనే ఉన్న నీల్స్ కోవ్ నీళ్లు నిశ్చలంగా, పచ్చగా ఊరిస్తాయి. దిగొద్దు. 2010లో అక్కడే స్నార్కెలింగ్ చేస్తున్న ఒక అమెరికన్ యువతిని మొసలి చంపేసింది.

మొసళ్లా! అండమాన్ సముద్రంలో మొసళ్లుంటాయా?

ఉంటాయి. ఉప్పునీటి మొసళ్లు మడ అడవుల్లో, వాగులు సముద్రంలో కలిసే చోట్ల తిరుగుతాయి. అందుకే వండూర్ బీచ్‌లో, కార్బిన్స్ కోవ్‌లో హెచ్చరిక బోర్డులు పెట్టారు, స్నానాలకి వల కట్టి హద్దు గీశారు. ఆ రెండూ ఎలాగూ స్నార్కెలింగ్ చోట్లు కావు. చిడియా టాపు కూడా సాయంత్రం సూర్యుణ్ని చూడ్డానికే బాగుంటుంది.

భయపడి ట్రిప్ మానుకోనక్కర్లేదు. అనుమతి ఉన్న చోట, పగటి పూట, గైడ్‌తో దిగితే చాలు. వాగు మూతి దగ్గర, మడ చెట్ల పక్కన, చీకటి పడ్డాక మాత్రం ఎవరు ధైర్యం చెప్పినా దిగకండి.

నీల్ ఐలాండ్ దాకా వెళ్లడం అవసరమా?

టైముంటే తప్పకుండా. భరత్‌పూర్ బీచ్ జెట్టీ పక్కనే ఉంటుంది, నీళ్లు లేత నీలం, చాలా దూరం లోతు తక్కువ. ఆటు (నీరు వెనక్కి తగ్గడం) ఎక్కువగా ఉన్నప్పుడు స్నార్కెలింగ్ మానేసి లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌కి వెళ్లండి. అక్కడ సహజంగా ఏర్పడిన రాతి వంతెన ఉంది, దాని చుట్టూ బండల మడుగుల్లో చిన్న చేపలు, పీతలు, సముద్ర దోసకాయలు నీళ్లలో దిగకుండానే కనిపిస్తాయి. అద్దె సైకిలు మీద దీవంతా తిరగొచ్చు. నీల్ చుట్టుపక్కల సముద్రపు గడ్డి మేసే డుగాంగ్ ఉంది, అది అండమాన్ రాష్ట్ర జంతువు. కనిపిస్తుందని మాటిచ్చే బోటువాణ్ని నమ్మకండి, కనిపిస్తే మీ అదృష్టం.

ఏ నెలలో వస్తే మంచిది?

డిసెంబర్ నుంచి ఏప్రిల్. అందులోనూ ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ మొదట్లో గాలి తగ్గి నీళ్లు తేటబడతాయి. సంక్రాంతి సెలవుల్లో రద్దీ, ధరలు రెండూ ఎక్కువ. మే రెండో సగంలో నైరుతి రుతుపవనాలు దేశంలో మొదట తాకేది ఇక్కడే. ఆ తర్వాత బోట్లు ఎప్పుడు నడుస్తాయో ఎప్పుడు ఆగుతాయో చెప్పలేం. అక్టోబర్, నవంబర్లలో బంగాళాఖాతం వాయుగుండాల టెన్షన్ ఉంటుంది. నీళ్ల వెచ్చదనం మాత్రం ఏడాది పొడవునా ఒకటే, వెట్ సూట్ లేకుండా దిగొచ్చు.

రోజులో ఏ టైమ్‌లో దిగాలి? ఆటుపోట్ల గురించి అంతగా ఎందుకు చెప్తారు?

స్నార్కెలింగ్ బాగుందా లేదా అన్నదాన్ని సగం తేల్చేది ఇదే. "ఎలిఫెంట్ బీచ్ అద్భుతం" అని ఒకరు, "అక్కడేముంది, బురద నీళ్లు" అని ఇంకొకరు అంటే ఇద్దరూ నిజమే చెప్తున్నారు. వెళ్లిన టైమ్ వేరు, అంతే.

అండమాన్‌లో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒకదానికి ఒకటి ఆరు గంటల చిల్లర దూరం. రోజురోజుకీ ఆ టైమ్ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పున్నమికి, అమావాస్యకి నీటి ఎత్తులో తేడా ఎక్కువ, రెండు మీటర్ల దాకా వస్తుంది. అష్టమి అటూ ఇటూ రోజుల్లో తేడా తక్కువ, నీళ్లు నెమ్మదిగా కదులుతాయి. మన క్యాలెండర్‌లో తిథి చూసుకుంటే ఇదంతా ఇంట్లో కూర్చునే తెలిసిపోతుంది.

బాగా ఆటు ఉన్నప్పుడు పగడాల మీద అడుగు నీరే మిగులుతుంది. పొట్ట గీరుకుంటుంది, ఫిన్ తగిలి పగడం విరుగుతుంది, కలిసి దిగినవాళ్ల కాళ్లు లేపిన ఇసుకకి ఏమీ కనపడదు. పోటు నిండుగా వచ్చే ముందు గంట, వచ్చాక గంట, ఈ రెండు గంటలూ బంగారం. బయటి సముద్రం నుంచి తేట నీరు లోపలికి వస్తుంది, తర్వాత కాసేపు కదలిక ఆగిపోతుంది. నీరు వేగంగా దిగుతున్నప్పుడు మాత్రం తేలేవాళ్లని లోపలికి లాగుతుంది, కొత్తవాళ్లు అప్పుడు దిగకూడదు.

పోర్ట్ బ్లెయిర్ టైడ్ టైమింగ్స్ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఆటుపోట్ల అంచనాలు, పెద్ద అలల హెచ్చరికలు తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. హోటల్ బుక్ చేసే ముందే ఒకసారి చూడండి. పున్నమి రోజుల్లో వస్తుంటే స్నార్కెలింగ్ రోజుని మాత్రమైనా అటూ ఇటూ జరుపుకోండి.

ఇంకో సంగతి. ఈ దీవులు మనకి చాలా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. ఉదయం అయిదు, అయిదున్నరకే తెల్లారుతుంది, సాయంత్రం అయిదు, అయిదున్నరకి చీకటి పడుతుంది. "లంచ్ చేసి వెళ్దాం" అంటే రోజు అయిపోయినట్టే. సూర్యుడు నడినెత్తి దగ్గర ఉన్నప్పుడే వెలుగు అడుగు దాకా దిగుతుంది కాబట్టి తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట మధ్య పోటు పడే రోజుని ఎంచుకోవాలి.

ఈత రాదు. చేయొచ్చా?

చేయొచ్చు. ఇక్కడికి వచ్చేవాళ్లలో చాలామందికి రాదు. లైఫ్ జాకెట్ వేస్తారు, గాలి నింపిన రింగ్ పట్టుకోమంటారు, గైడ్ దాన్ని లాక్కుంటూ తిప్పుతాడు. మీ పని ఊపిరి మాత్రమే.

కష్టం ఈత దగ్గర కాదు, నోటితో ఊపిరి తీసుకోవడం దగ్గర. మాస్క్ ముక్కుని కూడా మూసేస్తుంది, మెదడు ఒప్పుకోదు, మొదటి నిమిషం గుండె దడదడలాడుతుంది. మొలలోతు నీళ్లలో నిలబడే మొహం ముంచి, నెమ్మదిగా పీల్చి, పొడుగ్గా వదలడం సాధన చేయండి. గొట్టంలోకి నీళ్లు వస్తే మింగొద్దు. ఒక్క ఊపున "తూ" అని ఊదితే పైనుంచి బయటికి పోతాయి. ఇది కుదిరాకే లోపలికి పదండి. గైడ్ తొందరపెడితే ఆగమని చెప్పండి, మీరు డబ్బులిచ్చిన టైమ్ అది. రెండు చేతిసైగలు ముందే మాట్లాడుకోండి: బాగున్నాను, పైకి తీసుకెళ్లు. బొటనవేలు పైకెత్తితే మనకి "సూపర్" అని, నీళ్లలో మాత్రం "పైకి పోదాం" అని అర్థం.

కళ్లద్దాలున్నాయి. మీసం కూడా ఉంది.

కళ్లద్దాల మీద మాస్క్ పట్టదు. పవర్ ఉన్న మాస్కులు కొన్ని డైవ్ సెంటర్లలో దొరుకుతాయి, ముందే ఫోన్ చేసి అడగండి. తక్కువ పవర్ అయితే టెన్షన్ పడొద్దు, నీళ్లలో వస్తువులు కాస్త పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి. కాంటాక్ట్ లెన్సులతో దిగితే ఇన్ఫెక్షన్ భయం ఉంది, నీళ్లు జొరబడితే కొట్టుకుపోతాయి కూడా.

మాస్క్ సరిపోయిందో లేదో చూసే పద్ధతి ఒకటుంది. పట్టీ తల వెనక్కి వేయకుండా మాస్క్‌ని మొహానికి ఆనించి, ముక్కుతో గాలి లోపలికి పీల్చి చేతులు వదిలేయండి. పడిపోకుండా అతుక్కుని ఉంటే అది మీ సైజు. పడిపోతే పట్టీ ఎంత బిగించినా కారుతుంది, ఇంకోటి అడగండి. జుట్టు పోగు ఒక్కటి రబ్బరు కింద ఇరుక్కున్నా చాలు, నీరు కారుతుంది. మీసం ఉన్నవాళ్లకి పై పెదవి దగ్గర కొద్దిగా కారడం మామూలే, కాస్త వాజిలిన్ రాస్తే తగ్గుతుంది.

అద్దం లోపల ఆవిరి పడుతుంటే ఉమ్మి రాసి, ఉప్పునీళ్లతో ఒక్కసారి తొలిచి పెట్టుకోండి. అసహ్యం అనిపిస్తే బేబీ షాంపూ చుక్క.

సొంత కిట్ కొనుక్కోవాలా?

ఒక్క ట్రిప్ కోసం ఫిన్లు మోసుకురావద్దు. మాస్క్, గొట్టం మాత్రం సొంతవి ఉంటే హాయి, ఇంకొకరి నోట్లో పెట్టుకున్నది మనం పెట్టుకోనక్కర్లేదు. మొహమంతా కప్పే ఫుల్ ఫేస్ మాస్కులు ఆన్‌లైన్‌లో తెగ అమ్ముతున్నారు. మేం వద్దంటాం. నాసిరకం వాటిలో వదిలిన గాలి లోపలే తిరుగుతుంది, లోపలికి నీళ్లు వస్తే గబుక్కున తీయడమూ కష్టం.

పిల్లలు, పెద్దవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు?

పిల్లలకి వయసు కంటే మాస్క్ సైజు, భయం ముఖ్యం. బాత్రూమ్ బకెట్లో మొహం ముంచి ఆడుకునే పిల్ల ఏడేళ్లకే హాయిగా తేలుతుంది, అలవాటు లేని పన్నెండేళ్లవాడు ఏడుస్తాడు. పిల్లల మాస్క్ ఉందో లేదో ముందే కనుక్కోండి, పెద్దవాళ్లది బిగిస్తే పనిచేయదు.

గుండె జబ్బు, ఆస్తమా, మూర్ఛ, అదుపులో లేని బీపీ ఉంటే డాక్టర్‌ని అడగకుండా దిగకండి. స్నార్కెలింగ్ కష్టంలా కనిపించదు కానీ గొట్టంలోంచి పీల్చడం, నీటి ఒత్తిడి, భయం కలిసి గుండెకి పని పెంచుతాయి. ఆయాసంగా అనిపిస్తే వెంటనే వెల్లకిలా తిరిగి గొట్టం తీసేసి పైకి వచ్చేయండి. గర్భిణులు, అమ్మమ్మలు, తాతయ్యలు అద్దాల బోటు ఎక్కే ముందు అలలెలా ఉన్నాయో అడగండి. ఊగే బోటు ఎక్కడం దిగడమే అసలు ఇబ్బంది.

ఏం బట్టలు వేసుకోవాలి? సన్‌స్క్రీన్?

పొడుగు చేతుల రాష్‌గార్డ్ (నీళ్లలో వేసుకునే బిగుతు చొక్కా) లేదా బిగుతు టీషర్టు, లెగ్గింగ్స్. ఆడవాళ్లు మొహమాటపడక్కర్లేదు, ఇక్కడ అందరూ ఇలాగే దిగుతారు. చున్నీ, చీర, వదులు చుడీదార్ మాత్రం వద్దు, తడిస్తే బరువెక్కి కాళ్లకి చుట్టుకుంటాయి. బోర్లా తేలుతాం కాబట్టి ఎండ దెబ్బ వీపుకి, పిక్కలకి, మెడకి తగులుతుంది. బట్ట కప్పితే సన్‌స్క్రీన్ అవసరమే తగ్గుతుంది. రాసేది ఆక్సీబెంజోన్ అనే రసాయనం లేనిదైతే మేలు. అది పగడాలకి హాని చేస్తుందని హవాయిలో అమ్మకమే ఆపేశారు.

లోపల ఏమేం కనిపిస్తాయి?

అదృష్టం అక్కర్లేకుండా కనిపించేవి: పసుపు నలుపు చారల బటర్‌ఫ్లై చేపలు, గుంపులుగా తిరిగే సార్జెంట్ చేపలు, వీపున పొడుగు తోకలాంటి రెక్కతో మూరిష్ ఐడల్, ఎనిమోన్ పోగుల మధ్య దాక్కుని తొంగిచూసే క్లౌన్ చేప. నీలం ఊదా పెదవులతో పగడాల్లో ఇరుక్కుని ఉండే జెయింట్ క్లామ్ అనే పెద్ద ఆల్చిప్ప మీ నీడ పడగానే మూసుకుంటుంది.

కాసేపు కాళ్లు ఆడించకుండా ఊరికే తేలండి. చెవుల్లో చిటపటమని శబ్దం మొదలవుతుంది, పెనంలో ఆవాలు వేసినట్టు. అది పగడాల సందుల్లో ఉండే చిన్న రొయ్యలు పంజా కొట్టే చప్పుడు. దాని మీద అప్పుడప్పుడూ కరకర మని ఇంకోటి వినిపిస్తే తల తిప్పండి, చిలకముక్కులాంటి నోటితో పారట్ ఫిష్ పగడాన్ని గీకి తింటూ ఉంటుంది. నమిలిన రాయి దాని వెనక నుంచి తెల్లటి పొడిలా రాలుతుంది. మనం ముచ్చటపడే తెల్ల ఇసుకలో కొంత భాగం ఆ చేపల పుణ్యమే.

పగడాలు చాలాచోట్ల తెల్లగా, బూడిద రంగులో ఉన్నాయేమిటి? ఫొటోల్లో రంగులుంటాయే?

ఫొటోల్లో రంగు పెంచుతారు, అది కొంత. మిగతాది నిజమైన నష్టం. పగడం లోపల కంటికి కనపడని నాచు ఉంటుంది. ఆహారం, రంగు దానివే. సముద్రం మామూలు కంటే వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం ఆ నాచుని వదిలేసి తెల్లబడుతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, లేకపోతే చచ్చి బూడిదరంగు నాచు పట్టేస్తుంది. అండమాన్‌లో 1998, 2010, 2016 వేసవులు అలాంటివి. 2010 దెబ్బ చాలా పెద్దది.

దానికి ముందు 2004 డిసెంబర్ 26. సునామీని తెచ్చిన ఆ రోజు భూకంపానికి దక్షిణ అండమాన్ నేల సుమారు మీటరు కుంగింది. వండూర్ వెళ్లే దారిలో సిప్పిఘాట్ దగ్గర ఒకప్పటి పొలాల్లో ఇప్పటికీ సముద్రపు నీరు ఉంటుంది. ఉత్తర అండమాన్ అందుకు విరుద్ధంగా పైకి లేచింది, అక్కడి రీఫులు నీళ్ల బయటపడి ఎండిపోయాయి.

వీటన్నిటి మధ్యా కొత్త పగడాలు మొలుస్తున్నాయి. కొమ్మల పగడం ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే పెరుగుతుంది, బండలాంటిది ఇంకా నెమ్మది. దాని మీద నిలబడి సెల్ఫీ దిగేవాణ్ని చూస్తే అందుకే ఒళ్లు మండుతుంది.

కుట్టేవి, కరిచేవి ఏమున్నాయి?

దేన్నీ ముట్టుకోకపోతే దాదాపు ఏదీ ఏమీ చేయదు. నల్లటి పొడుగు ముళ్ల బంతిలా ఉండే సీ అర్చిన్ మీద కాలు వేస్తే ముళ్లు విరిగి లోపల ఉండిపోతాయి. లయన్ ఫిష్, రాయిలా కదలకుండా పడుండే స్టోన్ ఫిష్ ముళ్లలో విషం ఉంటుంది. ఇసుకలో కప్పుకుని పడుకునే టేకు చేప తోకలోనూ ముల్లుంది, అందుకే లోతు తక్కువ చోట కాళ్లు ఎత్తి వేయకుండా ఈడ్చుకుంటూ నడిస్తే అది ముందే తప్పుకుంటుంది. ఈ మూడిటి కాటుకీ ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ముంచి ఉంచడం ప్రథమ చికిత్స, తర్వాత ఆసుపత్రి. చారల సముద్రపు పాము విషం గట్టిదే కానీ దానికి మనిషి అంటే పట్టదు, దారి ఇవ్వండి.

జెల్లీ ఫిష్ తగిలితే రుద్దొద్దు, మంచినీళ్లు పోయొద్దు, వెనిగర్ పోయాలి. బోటులో వెనిగర్ ఉందా అని ముందే అడగండి. ఆ ప్రశ్నకి వాళ్లు చూసే చూపుని బట్టి ఆపరేటర్ ఎలాంటివాడో తెలిసిపోతుంది. పగడం గీరితే చిన్న గాయమని వదిలేయకండి, సబ్బుతో బాగా కడిగి మందు రాయండి, లేకపోతే రోజుల తరబడి చీము పడుతుంది.

గవ్వలు, పగడం ముక్కలు తెచ్చుకోవచ్చా? ఒడ్డున పడి ఉన్నవే.

వద్దు. రీఫ్ పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, అంటే చట్టం దృష్టిలో పులీ పగడమూ ఒకటే. చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ముక్కకీ ఇదే వర్తిస్తుంది. సముద్ర దోసకాయ, సముద్ర గుర్రం కూడా అంతే. మూడు నుంచి ఏడేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. ఎయిర్‌పోర్ట్ స్కానర్‌లో పగడం స్పష్టంగా కనిపిస్తుంది, పిల్లల బ్యాగు కూడా ఒకసారి చూసుకుని బయల్దేరండి.

స్నార్కెలింగ్ చేసిన రోజే ఫ్లైట్ ఎక్కొచ్చా?

ఎక్కొచ్చు. స్కూబా చేస్తే మాత్రం 18 నుంచి 24 గంటలు ఆగాలి.

విశాఖ సముద్రం కూడా ఇదే బంగాళాఖాతం కదా. అక్కడెందుకు ఇలా లేదు?

గోదావరి, కృష్ణ, మహానది ఏటా తెచ్చి పోసే ఒండ్రుతో మన తీరంలో నీళ్లు మసకగా ఉంటాయి. పగడాలకి తేట నీరు, ఎండ కావాలి. అండమాన్‌లో పెద్ద నదులు లేవు, ఉన్న వాగుల మట్టిని మడ అడవులు పట్టేసుకుంటాయి. పైగా విశాఖలో అలలు నేరుగా ఒడ్డుని కొడతాయి. రుషికొండ, మంగమారిపేట వైపు బోటులో తీసుకెళ్లి స్కూబా చేయించేవాళ్లున్నారు, బండల దగ్గర చేపలూ ఉన్నాయి. సరదాకి, సాధనకి బాగుంటుంది. పగడాల కోసమైతే అండమానో లక్షద్వీపో వెళ్లాల్సిందే.

హిందీ రాదు. తెలుగుతో నెట్టుకురావచ్చా?

మీరు ఊహించిన దానికంటే బాగానే. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో చాలా ఉన్నాయి. బోటు మీద ఎవరో ఒకరు "ఏ ఊరండీ మీది?" అంటే ఆశ్చర్యపోకండి. రేపు సముద్రం ఎలా ఉంటుందో ఏ యాప్ కంటే వాళ్లే బాగా చెప్తారు.

గాలి ఎక్కువై బోట్లు ఆపేస్తే?

గట్టిగా అడిగినా వాళ్లేం చేయలేరు. హార్బర్ నుంచి ఆర్డర్ వస్తే అందరూ ఆపాల్సిందే. ముందే అడగాల్సింది రీఫండా లేక వేరే రోజుకి మారుస్తారా అని. రసీదు మీద రాయించుకోండి. హేవ్‌లాక్, నీల్ ముందు పెట్టుకుని, ఫ్లైట్‌కి ముందు రోజు పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండేలా ప్లాన్ చేస్తే ఫెర్రీ ఒకరోజు ఆగినా విమానం తప్పదు. వాంతులయ్యేవాళ్లు మాత్ర బోటు ఎక్కడానికి అరగంట ముందే వేసుకోవాలి, ఎక్కాక వేసుకుంటే లాభం లేదు. కొద్దిగా ఇడ్లీలాంటిది తిని, బోటు మధ్యలోనో వెనకవైపో కూర్చోండి. ముందువైపు సీటు ఫొటోలకి బాగుంటుంది కానీ ఎక్కువ ఎగిరేది అదే.